ప్రోసెయిల్ నమూనా: పెన్నా డెల్టా వరిపై కొన్ని సీజన్ల వాడకం తర్వాత

ఆకుల గుబురులో కాంతి చెదిరే తీరును లెక్కగట్టే గణిత నమూనా సెయిల్ 1984లోను, ఒక్క ఆకు లోపలే కాంతి ఏమవుతుందో లెక్కగట్టే ప్రాస్పెక్ట్ 1990లోను వెలువడ్డాయి. ఆ రెండింటినీ జోడించగా ఏర్పడినదే ప్రోసెయిల్. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతాల వరి పొలాలకు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల నుంచి ఆకు విస్తీర్ణ సూచికను (చదరపు మీటరు నేలకు ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో తెలిపే సంఖ్యను) రాబట్టడానికి దీన్ని కొన్ని రబీ సీజన్లుగా వాడుతున్నాను. ఇది ఉచితంగా, ప్రోగ్రామింగ్ భాషలైన పైథాన్‌లోను, ఆర్‌లోను దొరుకుతుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా వేల వర్ణపటాలను త్వరగానే లెక్కగడుతుంది.

పత్రహరితం, నీరు, పొడి పదార్థం, ఆకు వాలు, నేల, సూర్యుడి కోణం, ఉపగ్రహం చూసే కోణం వంటివి అందిస్తే, 400 నుంచి 2500 నానోమీటర్ల వరకు ప్రతి నానోమీటరుకూ పరావర్తనం ఎంతో చెబుతుంది. నాకు అన్నిటికంటే అక్కరకొచ్చినది సూర్యకోణమే. ఉదయం పదిన్నర ప్రాంతంలో ఉపగ్రహం దాటేటప్పుడు, జనవరిలో నెల్లూరు మీద సూర్యుడు నడినెత్తి నుంచి సుమారు 40 డిగ్రీలు వాలి ఉంటాడు. ఏప్రిల్ మధ్యకు ఆ వాలు 22 డిగ్రీల దగ్గరకు తగ్గుతుంది. పైరులో ఏ మార్పూ లేకపోయినా ఆ కారణంగానే పరావర్తనం మారుతుంది. ఎన్‌డీవీఐ (ఎరుపు, దగ్గరి పరారుణ పరావర్తనాల నుంచి లెక్కగట్టే పచ్చదనం సూచిక) ఒక్కటే చూసుకునేవారు దాన్ని పైరు మార్పుగా పొరబడే అవకాశం ఉంది.

అసలు చిక్కు నీటితో వస్తుంది. ప్రోసెయిల్‌తో వచ్చే నేల వర్ణపటాలు పొడి నేలకు, తడి నేలకు సంబంధించినవే కాని, మడిలో నిలిచిన నీటికి సంబంధించినవి కావు. నాట్లు పడిన తొలి వారాల్లో ఆకుల సందుల్లోంచి కనిపించేది తేటపడిన నీరు. అది ఎరుపు కాంతినీ, దగ్గరి పరారుణ కాంతినీ రెండింటినీ తగ్గిస్తుంది. ఎరుపు తగ్గడాన్ని బట్టి ఆకు ఎక్కువగా ఉన్నట్టు, పరారుణం తగ్గడాన్ని బట్టి ఆకు తక్కువగా ఉన్నట్టు తోచి, విలోమ గణన (పరావర్తనం నుంచి వెనక్కి వెళ్లి పైరు లక్షణాలను రాబట్టే లెక్క) రెండింటి మధ్య నలిగి, చివరకు ఆకు వాలును అసాధ్యమైన స్థాయికి మార్చి సర్దుబాటు చేసుకుంటుంది. దమ్ము చేసి, ఇంకా నాటని మడుల పరావర్తనాన్ని ఉపగ్రహ చిత్రం నుంచే తీసి, బ్యాండ్ల (ఉపగ్రహం కొలిచే తరంగదైర్ఘ్య పట్టీల) మధ్య ఖాళీలను పూరించి నేలకు బదులుగా అందించిన తర్వాతే పిలక దశ విలువలు పొలంలో కంటికి కనిపించే దానికి దగ్గరయ్యాయి. అయితే దమ్ము పనులు ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లోనే సాగుతాయి కనుక శుభ్రమైన చిత్రం దొరకడం తరచుగా అదృష్టం మీద ఆధారపడుతుంది.

ఆకు వాలును లెక్కకే వదిలేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నిటారుగా నిలిచిన ఎక్కువ ఆకులూ, వాలిన తక్కువ ఆకులూ పైనుంచి దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, నమూనా ఏ జవాబునైనా అంతే ధీమాగా ఇస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే వరి ఆకు నిటారుతనం తెలిసేదే. సగటు కోణాన్ని 60, 70 డిగ్రీల మధ్య బిగించి ఉంచితే ఫలితాలు కుదుటపడతాయి. పత్రహరితానికి స్పాడ్ మీటరు (ఆకుకు బిగించి పచ్చదనాన్ని కొలిచే చేతి పరికరం) రీడింగును నేరుగా ఇవ్వడం కుదరదు, దాన్ని చదరపు సెంటీమీటరుకు మైక్రోగ్రాముల్లోకి మార్చుకోవాలి. 705, 740 నానోమీటర్ల బ్యాండ్లను చేర్చుకోవడం వల్ల, పైరు కమ్ముకొని ఎరుపు బ్యాండు స్పందన మందగించిన చిరుపొట్ట దశలోనూ పత్రహరితం తేడా కొంత తెలుస్తుంది. ఈనిక దశ దాటాక మాత్రం నేను దీన్ని పక్కన పెడతాను, ఎందుకంటే ఆకుల పైకి వచ్చే కంకులకు ఈ నమూనాలో స్థానం లేదు.

ప్రకాశం వైపు, కొండపి, టంగుటూరు పరిసరాల పొగాకుకు ఇది నప్పలేదు. ఆకులు పొలమంతా సమంగా చెదిరి ఉన్నాయన్నది సెయిల్ ఊహ. పొగాకు సాళ్ల మధ్య బయటపడే నల్లరేగడి, దాని మీద పడే మొక్కల నీడ ఆ ఊహకు లొంగవు. మొక్కలు సాళ్లను కప్పేదాకా వచ్చే విలువలను నేను ఎవరికీ చూపించను. సుబాబుల్ తోటల్లో గుబురు మరింత గుంపులు గుంపులుగా ఉంటుంది కనుక, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో రూపొందిన డార్ట్ వంటి త్రిమితీయ నమూనా అవసరం. అందులో చెట్లను ఒక్కొక్కటిగా అమర్చాలి, గణన సమయమూ చాలా పెరుగుతుంది. వరికి మాత్రం దాన్ని తెరవవలసిన పని నాకు ఇంతవరకు పడలేదు.