పాత మియాటా కంపెనీ రిమ్ముల మీద 215 టైర్లు ఎక్కించి పంపారు, మీరు జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల పాత స్పోర్ట్స్ కార్లు ఉన్న మనవాళ్ళ కోసం, అందులోనూ మొదటి తరం మాజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న ఓపెన్‌టాప్ కారు) ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. టైర్ల షాపువాడు "మీ సైజు స్టాక్ లేదు, కాస్త వెడల్పువి వేస్తాం, గ్రిప్ పెరుగుతుంది" అంటే ససేమిరా ఒప్పుకోకండి. ఒకసారి టైరు రిమ్ముకి ఎక్కి రోడ్డు మీద తిరిగిందంటే, ఆ తర్వాత మీ మాట వినేవాడు ఉండడు.

నాది 1991 మియాటా. 1.6 లీటర్ల ఇంజన్, కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల అల్లాయ్ వీల్సే ఉన్నాయి. పాత టైర్ల రబ్బరు గట్టిపడిపోయిందని కంపెనీ సైజు 185/60 ఆర్14 (185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 14 అంటే అంగుళాల్లో రిమ్ము, 60 సంగతి కింద చెప్తాను) నాలుగు ఆర్డర్ పెట్టి, ఒక షాపులో కారు వదిలి వచ్చాను. సాయంత్రం వెళ్ళేసరికి 215/60 ఆర్14 బిగించి ఉన్నాయి. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఇదేంటని అడిగితే కౌంటర్ దగ్గరి మనిషి నవ్వుతూ "అదే ధరకి పెద్ద టైర్లు ఇచ్చాం సార్, మీకే లాభం" అన్నాడు. నా సైజే వేయమంటే, బిగించిన టైర్లు వెనక్కి తీసుకోరట, పాతవి అప్పటికే చెత్తలోకి వెళ్ళిపోయాయట. వేరే టైర్లు లేక కారు ఇంటికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈ రోజుల్లో 14 అంగుళాల 215లు అడిగేవాళ్ళు తక్కువ. మూల పడి ఉన్న సరుకు వదిలించుకున్నారనే నా అనుమానం.

ఆ టైర్లు ఆ రిమ్ముకి ఎందుకు పనికిరావో చెప్తాను, ఎందుకంటే షాపులో వాదించాలంటే ఇదే కావాలి. చక్రం విప్పి లోపలివైపు బ్రేక్ దుమ్ము తుడిస్తే, పోతలోనే రిమ్ము వెడల్పు అచ్చు వేసి ఉంటుంది: 14 × 5½ జెజె. అంటే వెడల్పు అయిదున్నర అంగుళాలు, జెజె అనేది రిమ్ము అంచు ఆకారానికి గుర్తు. ఏ టైరు ఎంత వెడల్పు రిమ్ము మీద ఎక్కించవచ్చో కంపెనీలే సైజు పట్టికల్లో ఇస్తాయి. 185/60 కి 5 నుంచి 6.5 అంగుళాలు. 195/60 కి 5.5 నుంచి 7. 215/60 కి మొదలయ్యేదే 6 దగ్గర. అంటే నా రిమ్ము ఆ టైరుకి కనీస వెడల్పు కూడా లేదు. షాపువాళ్ళ దగ్గర ఈ పట్టిక ఉండదంటే నేను నమ్మను, కంప్యూటర్లో ఒక్క క్లిక్‌తో వస్తుంది.

ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే, నడుముకి తాడు బిగించి కట్టిన దిండులా ఉంటుంది. రిమ్ములో కూర్చునే రెండు అంచులూ దగ్గరికి లాక్కుంటాయి, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) బయటికి ఉబ్బుతుంది, ట్రెడ్ (నేలకి ఆనే భాగం) మధ్యలో ఉబ్బి, రెండు వైపుల భుజాలు నేలకి ఆనకుండా తేలిపోతాయి. పైగా షాపువాళ్ళు 35 పి.ఎస్.ఐ. గాలి కొట్టి పంపారు. ఈ కారు డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నది 26. టన్ను బరువు కూడా లేని కారు ఇది, అంత గాలి దానికి దేనికి?

అనుమానం ఉన్నవాళ్ళు సుద్దముక్కతో పరీక్ష చేసుకోవచ్చు. ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా గీత గీసి, చదునైన చోట కారుని తిన్నగా కొన్ని గజాలు నడిపి దిగి చూడండి. టైరు సరిగ్గా కూర్చుంటే గీత అంతా సమానంగా చెరుగుతుంది. నాకు మధ్యలో మాత్రం చెరిగి, రెండు వైపులా బొటనవేలు వెడల్పున సుద్ద అలాగే తెల్లగా మిగిలింది. గాలి 26 కి దించి మళ్ళీ చేస్తే కొంచెం మెరుగు, అంతే. అంటే 215 కి డబ్బు కట్టి, నేల మీద ఆనుతున్నది పాత 185 కంటే పెద్ద ఎక్కువేం కాదు. అసలు టైరు నేలకి ఆనే వైశాల్యాన్ని ముఖ్యంగా నిర్ణయించేది దాని మీద పడే బరువూ, లోపలి గాలీ. వెడల్పు పెంచితే ఆ మచ్చ ఆకారం మారుతుంది కానీ రెట్టింపు అయిపోదు. "వెడల్పు టైరు అంటే గ్రిప్" అనే మాట ఇక్కడా వింటున్నాం, హైదరాబాద్ అల్లాయ్ షాపుల్లోనూ వింటున్నాం. సరిపడా రిమ్ము లేకపోతే ఆ మాటకి అర్థం లేదు.

ఆ 215లతో నడిపితే ఎలా ఉండేదంటే, స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి తిరిగేది. ముందు ఆ ఉబ్బిన సైడ్‌వాల్ పక్కకి వాలాలి, ఆ తర్వాత కారు కదలాలి. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే ఏర్పాటు) పెట్టి, బరువు తగ్గించడానికి మాజ్దా ఇంజనీర్లు అంత కష్టపడిందే ఈ ఆలస్యం లేకుండా చేయడానికి. నా కారుకి పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో తిప్పుతుంటే భుజాలు లాగేసేవి. పూర్తిగా తిప్పితే ముందు చక్రం లోపలి ప్లాస్టిక్ కవర్‌కి రాసుకుని బర్రుమని చప్పుడు. హైవే మీద పెద్ద వాన పడితే నాకు నిజంగా టెన్షనే. తేలిక కారు, వెడల్పు టైరు, నీళ్ళు మూడూ కలిస్తే టైరు నీటి మీద తేలడం తొందరగా మొదలవుతుంది.

ఇంకొకటి చాలామంది గమనించరు. సైజులోని ఆ 60 అనేది సైడ్‌వాల్ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్తుంది, కాబట్టి వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. 185/60 ఆర్14 వ్యాసం దాదాపు 578 మిల్లీమీటర్లు, 215/60 ది దాదాపు 614. ఆరు శాతం పైనే తేడా. మీటర్ 70 మైళ్ళు చూపిస్తుంటే నిజంగా పోతున్నది 74 పైన. టికెట్ పడితే పోలీసుకి టైర్ల కథ చెప్పుకోవాలి. గేర్లన్నీ పొడవైనట్టు అయిపోయి, 116 హార్స్‌పవర్ ఇంజన్ ఇంకా నీరసంగా లాగేది.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏడాదికోసారి చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కాబట్టి ఇలాంటిది వేరేవాళ్ళు పట్టుకుంటారని అనుకోకండి, మీరే చూసుకోవాలి. పాత స్పోర్ట్స్ కారు కొంటున్నవాళ్ళకీ ఇదే చెప్తాను. ప్రకటనలో "కొత్త వెడల్పు టైర్లు" అని ఉండి, ఫొటోలో చక్రాలు మాత్రం ఒరిజినల్‌వి అయితే, వెంటనే సైజు అడగండి. సైడ్‌వాల్ రిమ్ము అంచు దాటి బయటికి ఉబ్బి ఉందేమో పక్కన కూర్చుని చూడండి. సైడ్‌వాల్ మీద "డాట్" (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. "కొత్త" అన్నవి ఎప్పుడు తయారయ్యాయో అక్కడ తెలిసిపోతుంది.

వెడల్పు కావాలనే కోరిక తప్పు కాదు, దానికి దారి వేరే ఉంది. కంపెనీ రిమ్మే ఉంచుకుంటే 195/60 ఆర్14 దాకా వెళ్ళొచ్చు, వ్యాసం రెండు శాతమే పెరుగుతుంది. అంతకుమించి కావాలంటే రిమ్ము మార్చండి. 15 అంగుళాల చక్రానికి 195/50 వేస్తే వ్యాసం 576, అంటే ఒరిజినల్‌కి రెండు మిల్లీమీటర్ల తేడా. మాజ్దా కూడా రెండో తరం మియాటాకి 195/50 ఆర్15 ఇచ్చినప్పుడు రిమ్ముని ఆరు అంగుళాలు చేసింది, పాత అయిదున్నర మీద ఎక్కించలేదు. చక్రాలు కొనేటప్పుడు నాలుగు బోల్టులు, అవి ఉండే వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి బిగించే ముఖం దాకా దూరం) 45 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉండేలా చూసుకోండి.

షాపుతో గొడవ ఇంకా తెగలేదు. మేనేజర్ సగం డబ్బు స్టోర్ క్రెడిట్‌గా ఇస్తానన్నాడు, వద్దన్నాను. నా అదృష్టం, ఆర్డర్ రసీదు మీద 185/60 అని, బిల్లు మీద 215/60 అని రెండూ స్పష్టంగా ఉన్నాయి. రెండిటి ఫొటోలూ, రిమ్ము లోపలి అచ్చు ఫొటో కలిపి క్రెడిట్ కార్డ్ బ్యాంకులో డిస్ప్యూట్ (ఈ చార్జీ ఒప్పుకోనన్న ఫిర్యాదు) పెట్టాను. బిల్లు స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా పెట్టాలి, ఆలస్యం చేయకండి. డెబిట్ కార్డ్‌తోనో నగదుతోనో కట్టి ఉంటే నాకు ఈ పట్టు ఉండేది కాదు. అక్కడా తేలకపోతే జస్టిస్ కోర్టు (చిన్న మొత్తాల కేసులు చూసే స్థానిక కోర్టు) ఉంది, టెక్సస్‌లో 20,000 డాలర్ల దాకా కేసులు లాయర్ లేకుండానే వేసుకోవచ్చు.

ఈలోగా వేరే చోట 185/60లు వేయించుకున్నాను. ఆ 215లు బ్యాంకు తేల్చేదాకా సాక్ష్యంగా గ్యారేజీలోనే ఉంటాయి. ఆ తర్వాత ఎవరి దగ్గరైనా ఏడు అంగుళాల రిమ్ములున్న పాత కమారో లాంటిది ఉంటే అడగండి, ఊరికే ఇచ్చేస్తాను. మియాటావాళ్ళు మాత్రం అడగొద్దు, ఇవ్వను.