ల్యాబ్ నోట్‌బుక్‌గా ఈల్యాబ్ఎఫ్‌టీడబ్ల్యూ: డిఫాల్ట్ సెట్టింగులతో మాత్రం వాడొద్దు

బెంగళూరులో జీకేవీకే ఆవరణలోనో ఐఐఎస్సీలోనో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లలో చాలామంది డేటా మూడు చోట్ల ఉంటుంది: కొంత చేతిరాత రిజిస్టర్‌లో, కొంత ల్యాప్‌టాప్‌లోని ఎక్సెల్‌లో, జెల్ (డీఎన్ఏ, ప్రొటీన్లని వేరుచేసి చూసే పరీక్ష) ఫోటో మాత్రం వాట్సాప్‌లో. రెండేళ్ల తర్వాత రివ్యూయర్ అసలు జెల్ చూపించమంటే ఈ మూడూ కలవవు. ఈ చిక్కు విప్పడానికి ఇప్పుడు డబ్బు పెట్టకుండా దొరికేవాటిలో మా ఓటు ఈల్యాబ్ఎఫ్‌టీడబ్ల్యూకే. పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఓపెన్ సోర్స్ ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్ సాఫ్ట్‌వేర్ ఇది, లైసెన్స్ ఏజీపీఎల్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగల ఉచిత లైసెన్స్). సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. ఖర్చంతా దాన్ని చూసుకునే మనిషి సమయమే. ల్యాబ్‌లో అలాంటి మనిషి ఒక్కరైనా లేకపోతే దీని జోలికి వెళ్లకండి.

లైనక్స్ సర్వర్ మీద డాకర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌ని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే ఏర్పాటులో, నడుస్తుంది. ఒక కంటైనర్‌లో వెబ్ భాగం, రెండోదాంట్లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. పదిహేను మంది ల్యాబ్‌కి 4 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మెషీన్ చాలు. దాన్ని బెంచి కింద పెట్టకుండా సంస్థ సర్వర్ గదిలో, యూపీఎస్ మీద పెట్టించండి. కరెంటు పోయి వచ్చే వేళ మైఎస్‌క్యూఎల్ రాస్తూ ఉంటే డేటాబేస్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే టైమ్‌జోన్ మార్చాలి. కాన్ఫిగరేషన్ ఫైల్లో అది యూరప్/పారిస్ అని ఉంటుంది. అలాగే వదిలేస్తే గడియారం మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. రాత్రి రెండింటికి తీసిన రీడింగ్ ముందురోజు తేదీతో నమోదవుతుంది. తేదీయే ప్రాణమైన పుస్తకంలో ఇది చిన్న తప్పు కాదు. ఆ ఫైల్లో టైమ్‌జోన్ ఒకటికన్నా ఎక్కువ చోట్ల కనిపిస్తుంది, అన్నిచోట్లా ఆసియా/కోల్‌కతా అని రాయండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఎంట్రీ మార్చినప్పుడల్లా పాత వెర్షన్ దాస్తుందనుకుంటారు. కానీ వెర్షన్ దాచడానికి కనీసం ఇన్ని అక్షరాలు మారాలని ఒక పరిమితి ఉంది, డిఫాల్ట్‌గా 100. 0.5 మైక్రోలీటర్లని 5 అని దిద్దితే మారింది రెండే అక్షరాలు. ఆ దిద్దుబాటుకి విడిగా పాత వెర్షన్ మిగలకపోవచ్చు. దాచే వెర్షన్ల సంఖ్యకి కూడా పరిమితి ఉంది. సిస్టమ్ అడ్మిన్ పేజీలో మొదటిదాన్ని తగ్గించి, రెండోదాన్ని పెంచాకే విద్యార్థులకి అకౌంట్లు ఇవ్వండి.

ఇక వాడకం. లోపల రెండు అరలు: ఎక్స్‌పెరిమెంట్లు, రిసోర్సులు. కొత్తవాళ్లు ఎక్స్‌పెరిమెంట్లతో మొదలుపెడతారు, అక్కడే దెబ్బ తింటారు. ముందు రిసోర్సులు నింపాలి: ప్రైమర్లు, ప్లాస్మిడ్లు, యాంటీబాడీలు, సెల్ లైన్లు. ప్రతిదానికీ లాట్ నంబర్, ఫ్రీజర్ అర, పెట్టె, గడి. ఆ తర్వాత ఎక్స్‌పెరిమెంట్ రాస్తూ వాటికి లింక్ ఇస్తే, ఫలానా యాంటీబాడీ లాట్ పాడైందని తెలిసిన రోజున దాని పేజీ తెరవగానే అది వాడిన ప్రయోగాలన్నీ కనిపిస్తాయి. చేతిరాత రిజిస్టర్‌లో ఈ పనికి వారం పడుతుంది.

ఎక్స్‌పెరిమెంట్ టెంప్లేట్లు (మళ్లీ మళ్లీ వాడే నమూనా పేజీలు) తయారు చేసేటప్పుడు అంకెలని వాక్యాల్లో పెట్టకండి. ఉదాహరణకి 25 మైక్రోలీటర్ల పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు తీసే పద్ధతి): 2ఎక్స్ మాస్టర్ మిక్స్ 12.5, 10 మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కొక్కటి 1, టెంప్లేట్ డీఎన్ఏ 1, నీళ్లు 9.5. మిశ్రమం మారదు కాబట్టి ఇది పట్టికలో ఉండొచ్చు. కానీ అనీలింగ్ ఉష్ణోగ్రత, సైకిళ్లు, టెంప్లేట్ డీఎన్ఏ గాఢత ప్రతిసారీ మారేవి. వాటిని ఎక్స్‌ట్రా ఫీల్డ్స్‌గా (విలువ నింపే విడి గళ్లుగా), యూనిట్‌తో సహా పెట్టండి. అప్పుడే 58 డిగ్రీల దగ్గర చేసినవన్నీ వెతికి తీయగలరు. ఒక మాట గుర్తుంచుకోవాలి: నమూనా పేజీ టెంప్లేట్‌ని దిద్దితే పాత ఎక్స్‌పెరిమెంట్లు మారవు, మొదలుపెట్టిన రోజు ఉన్న నకలే వాటిలో ఉంటుంది. నోట్‌బుక్‌కి కావాల్సిన గుణం అదే.

ఫైల్ అప్‌లోడ్ పరిమితి డిఫాల్ట్‌గా 100 ఎంబీ. పెంచుకోవచ్చు, కానీ కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ చిత్రాల స్టాకులు, సీక్వెన్సింగ్ ఫైళ్లు ఇందులోకి ఎక్కించడం తప్పే. వాటిని నాస్‌లోనే (నెట్‌వర్క్ మీద ఉండే నిల్వ పెట్టెలో) ఉంచి, ఎంట్రీలో ఫైల్ దారి, షా-256 చెక్‌సమ్ (ఫైల్ డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) రాయండి. ఫైల్ పాడైనా, ఎవరైనా మార్చినా ఆ ఒక్క వరుస పట్టిస్తుంది. ప్లేట్ రీడర్, క్యూపీసీఆర్ ఫలితాలైతే మెషీన్ ఇచ్చిన ముడి ఫైల్నే జతచేయండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసింది వద్దు. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందనే 2020లో వాటి పేర్లే మార్చాల్సి వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు బాగా నచ్చింది టైమ్‌స్టాంప్, అంటే ఎంట్రీ ఫలానా సమయానికే ఉందని చూపే ముద్ర. ఆర్ఎఫ్‌సీ 3161 అనే ఇంటర్నెట్ ప్రమాణం పద్ధతిలో ఎంట్రీ హాష్‌ని (పైన చెప్పిన చెక్‌సమ్ లాంటిదే) బయటి సంస్థ సర్వర్‌కి పంపి, సంతకం చేసిన టోకెన్ తెచ్చి ఎంట్రీకి కట్టేస్తుంది. పంపేది హాష్ మాత్రమే, ప్రచురించని ఫలితం బయటికి పోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ ఎలక్ట్రానిక్ రికార్డు హాష్ రాయాలి కాబట్టి ఈ అలవాటు ఇక్కడా పనికొస్తుంది. టైమ్‌స్టాంప్ ఫెయిలవుతోందంటే ముందు క్యాంపస్ ఫైర్‌వాల్ చూడండి, సర్వర్ నుంచి బయటికి దారి మూసి ఉండొచ్చు. టైమ్‌స్టాంప్ వేశాక ల్యాబ్ అధిపతి (పీఐ) అడ్మిన్‌గా లాక్ కూడా వేయాలి. అడ్మిన్ వేసిన లాక్‌ని విద్యార్థి తీయలేరు.

లోటుపాట్లూ ఉన్నాయి. ఆఫ్‌లైన్ వాడకం లేదు. కోల్డ్ రూమ్‌లో వైఫై అందకపోతే రాసింది సర్వర్‌కి చేరదు, కాబట్టి అక్కడ కాగితం తప్పదు. ఆ కాగితాన్ని అదే రోజు ఫోటో తీసి ఎంట్రీకి జతచేయాలి. ప్లాస్మిడ్ మ్యాప్ చూపిస్తుంది గానీ, క్లోనింగ్ డిజైన్ పనికి క్లౌడ్‌లో నడిచే బెంచ్‌లింగ్ అనే సాఫ్ట్‌వేర్ అంత సుఖం ఉండదు. ఆ పనే ప్రధానమైన ల్యాబ్, డేటా బయటి క్లౌడ్‌లో ఉన్నా పర్వాలేదనుకుంటే బెంచ్‌లింగే వాడుకోవచ్చు. పరికరాల బుకింగ్ క్యాలెండర్ మాత్రం ఇందులో బాగుంది, గోడకి అంటించిన షీట్ తీసేయొచ్చు.

బ్యాకప్ దగ్గర చాలా ల్యాబ్‌లు ఏమరుపాటుగా ఉంటాయి. అప్‌లోడ్ చేసిన ఫైళ్లు డిస్క్ మీద అసలు పేర్లతో ఉండవు, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి పేర్లతో ఉంటాయి. ఏది ఎవరిదో డేటాబేస్‌కే తెలుసు. డేటాబేస్ ఒక్కటే దాస్తే జెల్ ఫోటోలు పోతాయి, ఫైళ్లు మాత్రమే దాస్తే అవి ఎవరివో తెలియదు. మూడూ కలిపి దాయాలి: మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తం నకలు), అప్‌లోడ్ ఫోల్డర్, రహస్య కీ ఉన్న కాన్ఫిగరేషన్ ఫైల్. రోజూ రాత్రి క్రాన్‌తో (లైనక్స్‌లో పనిని సమయానికి దానంతటదే నడిపే సాధనంతో) తీసి వేరే భవనంలోని మెషీన్‌కి పంపండి. మూడు నెలలకోసారి ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి, ఏదో ఒక పాత ఎంట్రీ తెరిచి జతచేసిన ఫోటో నిజంగా తెరుచుకుంటోందో లేదో చూడండి. కొత్త వెర్షన్‌కి మారేముందు కూడా ఇదే పని, ఎందుకంటే అప్‌డేట్ తర్వాత డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే కమాండ్ విడిగా నడపాలి. అది సగంలో ఆగితే వెనక్కి వెళ్లే దారి ఆ బ్యాకప్ ఒక్కటే.

విద్యార్థి థీసిస్ ఇచ్చి వెళ్లేముందు ఎంట్రీల యాజమాన్యం పీఐకి మార్చి, అకౌంట్‌ని తీసేయకుండా ఆర్కైవ్ చేయండి. మొత్తాన్ని ఈఎల్ఎన్ ఫైల్‌గా ఒక కాపీ, పీడీఎఫ్‌గా ఒక కాపీ తీసి పెట్టండి. ఈఎల్ఎన్ అనేది ఈ రకం సాఫ్ట్‌వేర్లు ఒకదాని డేటా ఒకటి చదువుకోవడానికి తయారైన ఫార్మాట్. తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్లు పీడీఎఫ్‌ని నమ్మేముందు ఒక పేజీ తీసి, వత్తులు, గుణింతాలు సరిగా వస్తున్నాయో చూసుకోండి.