లిపో ప్యాకుకు టంకం: ఎక్స్‌టీ60, డీన్స్, ఈసీ3లలో ఏది మేలు?

రిమోట్ కార్లకూ పడవలకూ వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి కొత్త కనెక్టర్ ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా ఆంపియర్ల లెక్క చూస్తారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు చూడవలసింది ఒకటుంది: ఇంట్లో ఉన్న టంకం ఐరన్‌తో (సోల్డరింగ్ ఐరన్), పక్కన సాయం లేకుండా, ఆ కనెక్టర్‌కు గట్టిగా టంకం పెట్టగలమా లేదా అన్నది. బ్యాటరీకి స్విచ్ ఉండదు కాబట్టి పని ఎప్పుడూ కరెంటున్న తీగల మీదే జరుగుతుంది. మూడు సెల్స్ ప్యాకు నిండా ఛార్జయితే 12.6 వోల్టులే కనుక షాక్ కొట్టదు గానీ, ఎరుపు తీగ, నలుపు తీగ ఒక్క క్షణం తాకినా రాగి కరిగి ఎగిరిపడేంత కరెంటు పారుతుంది.

డీన్స్ కనెక్టర్ చాలాకాలంగా వాడుకలో ఉన్నది. దాని రాగి పలకలు 'టీ' ఆకారంలో ఉంటాయి, పట్టు బిగువుగా ఉంటుంది, చోటు తక్కువ తీసుకుంటుంది. అయితే పలక చదునుగా ఉండటం వల్ల లావుపాటి తీగ దాని మీద నిలవదు. ఒక చేత్తో తీగను, మరో చేత్తో ఐరన్‌ను పట్టుకుంటే టంకం అందించడానికి మూడో చెయ్యి కావాలి. ముందే రెండింటికీ విడివిడిగా టంకం పూత పూసి, తరువాత అతికిస్తే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. నకలు సరుకైతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పలక పక్కకు ఒరుగుతుంది, అలా ఒరిగిన కనెక్టర్ ఇక సరిగా కలవదు. చెమట చేతులతో దాన్ని ఊడదీయడం కూడా తేలిక కాదు, మన ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు.

ఎక్స్‌టీ60లో పిన్ను వెనుక చిన్న దొన్నె లాంటి గుంట ఉంటుంది. అందులో టంకం నింపి, అది కరిగి అద్దంలా మెరుస్తున్నప్పుడు ముందే పూత పూసిన తీగను దించి, ఐరన్ తీసేసి, టంకం గట్టిపడేవరకు కదపకుండా పట్టుకుంటే చాలు. 12 గేజి తీగ అందులో చక్కగా కూర్చుంటుంది. పిన్నులు ఒరగకుండా ఉండటానికి దాని జోడీని, అంటే దానికి ఎదురుగా కలిసే రెండో కనెక్టర్‌ను, తగిలించే ఉంచాలి. అది పిన్నులను వరుసలో నిలుపుతుంది, అదనపు వేడినీ లాగేస్తుంది. ఆ జోడీకి వేరే తీగలేవీ ఉండకూడదు. ప్లస్, మైనస్ గుర్తులు ఒంటి మీదే అచ్చయి ఉంటాయి కనుక తీగలు తారుమారయ్యే భయం తక్కువ.

ఈసీ3లో పిన్నుకు బయటే టంకం పెట్టి, తరువాత నీలిరంగు తొడుగులోకి తోస్తారు. ప్లాస్టిక్ కరిగే సమస్యే లేకపోవడం దీని గొప్ప. కానీ బ్యాటరీ వైపు అయితే తొడుగులోకి చేరేదాకా కరెంటున్న పిన్ను బయటే వేలాడుతుంది. అది లోపల పూర్తిగా కూర్చోకపోతే జోడీ తగిలించినప్పుడు వెనక్కి జారుతుంది. కూర్చున్నదాన్ని మళ్లీ బయటికి తీయడం కష్టం. ఎక్స్‌టీ60కూ దీనికీ పిన్ను వ్యాసం 3.5 మిల్లీమీటర్లే కాబట్టి కరెంటు విషయంలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పాత ప్యాకులతో వచ్చే తెల్లని తమియా ప్లగ్గు శక్తిమంతమైన మోటారుకు చాలదు.

ఏది ఎంచుకున్నా ఐరన్ 60 వాట్లకు తగ్గకూడదు, మొన వెడల్పుగా ఉండాలి. 25 వాట్ల ఐరన్ ప్లాస్టిక్‌కు మేలు చేస్తుందని అనుకోవడం పొరపాటు. అతుకు వేడెక్కేలోపు ఆ నిదానపు వేడి పిన్ను వెంట పాకి నైలాన్‌ను కరిగిస్తుంది. 183 డిగ్రీల వద్ద కరిగే 63/37 టంకం (63 శాతం తగరం, 37 శాతం సీసం) ఇలాంటి పనికి అనువైనది. పని జరిగినంతసేపూ ఫ్యాను ఆపాలి, ఎందుకంటే గాలికి అతుకు బూడిదరంగుకు తిరిగి గరుకుగా మారుతుంది. పొగ పోవడానికి కిటికీ తెరిస్తే చాలు. తీగలను ఒకదాని తరువాత ఒకటిగానే కత్తిరించి, రెండోదాని కొసకు టేపు చుట్టి ఉంచాలి. వేడికి ముడుచుకుని అతుకును కప్పే హీట్ ష్రింక్ గొట్టాన్ని ముందే తీగకు ఎక్కించుకోవాలి.

అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలి తగిలేచోట టంకం బాగా అంటుకోవడానికి పూసే ఫ్లక్స్‌గా ఆమ్లమున్న పేస్టును అసలు వాడకూడదు. తేమకు అది తీగ లోపలి పోగుల్లోకి పాకి, సిలికాన్ తొడుగు కింద రాగిని పచ్చగా చిలుం పట్టిస్తుంది. పైకి ఏమీ కనిపించదు. రోజిన్ ఫ్లక్స్ వాడి, మిగిలినదాన్ని స్పిరిట్‌తో తుడిచేయాలి. భీమవరం పరిసరాల ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో పడవ నడిపేవారు ఒడ్డుకు రాగానే బ్యాటరీని విడదీసి, కనెక్టర్లను మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. కలిపి ఉంచితే ఉప్పునీటిలో పారే కరెంటే పిన్నులను తినేస్తుంది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి, కాలువలో పడవ నడిపినా కోతలయ్యాక ఎండిన చేలో కారు నడిపినా, నేను ఎక్స్‌టీ60నే సూచిస్తాను. ఇప్పటికే అన్ని ప్యాకులకూ అసలైన డీన్స్ ఉండి, అవి వేడెక్కకుండా పనిచేస్తుంటే మాత్రం మార్చనక్కరలేదు. సగం మార్చి మధ్యలో అడాప్టర్లు పెట్టడం కంటే అదే నయం, ఎందుకంటే ప్రతి అడాప్టర్‌తోనూ అతుకులు, వాటితోపాటు వేడెక్కే చోట్లూ పెరుగుతాయి.