ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-ఎల్ 2: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

పాటంతా కలిసి వచ్చే మాస్టర్ ట్రాక్ చివర్న ఈ లిమిటర్ (సౌండ్ ఓ గీత దాటకుండా ఆపుతూ పాటని లౌడ్ చేసే ప్లగిన్) పెట్టి పని చేయడం మొదలై ఏళ్లు దాటింది. 2017లో వచ్చిన వెర్షన్ ఇది. మధ్యలో వేరేవి చాలానే వాడి చూశాను గానీ మళ్లీ దీని దగ్గరికే వచ్చాను, అదీ ఇది అన్నిటికంటే లౌడ్‌గా చేస్తుందని కాదు. లౌడ్ చేయడం ఏమంత కష్టం కాదు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఊరికే వచ్చే లిమిటర్ కూడా ఆ పని ఓ మోస్తరుగా చేసిపెడుతుంది. లౌడ్ చేసే క్రమంలో పాటలో ఏది చచ్చిపోతోందో పట్టించడంలో మాత్రం నా వరకు దీన్ని మించింది లేదు.

ముందు 1:1 అనే చిన్న బటన్ గురించి చెప్పాలి. సౌండ్ పెంచే గెయిన్ స్లైడర్ 5 డీబీ (డెసిబెల్స్) పైకి లాగితే ఎవరికైనా పాట బ్రహ్మాండంగా అనిపిస్తుంది, కాస్త పెద్దగా వినపడిందల్లా చెవికి బాగున్నట్టే ఉంటుంది మరి. ఈ బటన్ నొక్కితే గెయిన్ ఎంత పెంచామో అవుట్‌పుట్ అంత తగ్గుతుంది, కాబట్టి సౌండ్ పెరగదు, లిమిటర్ చేసిన డ్యామేజీ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు బైపాస్ చేస్తూ, అంటే లిమిటర్‌ని ఆపుతూ పెడుతూ వింటే సరదా తీరిపోతుంది: ముందుండాల్సిన స్నేర్ డ్రమ్ వెనక్కి జరిగి ఉంటుంది, కోరస్ రాగానే రావాల్సిన ఊపు రాదు. ఎక్స్‌పోర్ట్‌కి ముందు దాన్ని ఆపేయాలి సుమా, లేకపోతే ఫైల్ మళ్లీ చిన్నగానే వస్తుంది.

ఆడిషన్ లిమిటింగ్ అని ఇంకోటి ఉంది. అది ఆన్ చేస్తే పాట పోయి, లిమిటర్ కోసి పారేస్తున్న సౌండ్ ఒక్కటే వినపడుతుంది. ఓ మిత్రుడు పంపిన డ్యాన్స్ ట్రాక్ సంగతి చెబుతాను. మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట ఎంత లౌడ్‌గా ఉందో కొలిచే లెక్క, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ లౌడ్) రావాలంటే గెయిన్ రిడక్షన్, అంటే లిమిటర్ తగ్గించేది, 6 డీబీ దాకా పోతోంది. ఆడిషన్ పెట్టి వింటే కిక్ డ్రమ్ పడ్డ ప్రతిసారీ దుబ్బు దుబ్బుమనే చప్పుడుతో పాటు గాయని పలికే హల్లులు కూడా ముక్కలుముక్కలుగా వినపడుతున్నాయి, అంటే కిక్‌కి పెట్టాల్సిన వాత గొంతుకీ పడుతోంది. ప్రీసెట్లు ఎన్ని మార్చినా అది పోయేది కాదు. మిక్స్‌లోకి వెళ్లి కిక్ చివర సాగే భాగాన్ని కుదించి, బేస్‌లో 30 హెర్ట్జ్ కింద ఎవరికీ వినపడని మూలుగుని తగ్గించి, డ్రమ్స్ బస్ (డ్రమ్స్ అన్నీ కలిసే ట్రాక్) మీద క్లిప్పర్‌తో (పైకి లేచిన పీక్‌లని నేరుగా కోసేది) ఓ 2 డీబీ పీక్‌లు తీసేశాక అదే లౌడ్‌నెస్‌కి రిడక్షన్ 3 డీబీ కూడా దాటలేదు. గొంతు ఎక్కడుండాలో అక్కడే ఉంది. లౌడ్‌నెస్ మిక్స్‌లోనే వస్తుందని అందరూ అనే మాటే, కానీ ఏ ట్రాక్ వల్ల రావట్లేదో దొరకబుచ్చుకోవాలంటే ఇలాంటిది చేతిలో ఉండాలి.

ఆల్గారిథమ్‌లు, అంటే లిమిటింగ్ చేసే పద్ధతులు, 8 ఉన్నాయి. నిజం చెప్పాలంటే నేను తిప్పితిప్పి వాడేది మోడర్న్, ఎప్పుడైనా అగ్రెసివ్. అకౌస్టిక్ గిటార్, గొంతు మాత్రమే ఉన్న పాటలకైతే సేఫ్, కానీ దాన్ని గట్టిగా తోస్తే పాట నీరసపడిపోతుంది. బస్ అనేది పేరుకు తగ్గట్టు డ్రమ్స్ మీదే బాగుంటుంది, మాస్టర్ మీద పెట్టకండి. లుక్‌అహెడ్ (రాబోయే పీక్‌ని లిమిటర్ ఎంత ముందుగా చూడాలన్న సెట్టింగ్) తగ్గిస్తే డ్రమ్స్ దెబ్బ నిలుస్తుంది గానీ బేస్ గరగరలాడే ప్రమాదం ఉంటుంది, పెంచితే శుభ్రంగా ఉంటుంది, కాస్త మందంగానూ ఉంటుంది. ఎక్కడ ఆపాలన్నది పాటను బట్టే, దీనికి ఫార్ములా లేదు.

ట్రూ పీక్ ఆన్ చేసి అవుట్‌పుట్ మైనస్ 1 డీబీ దగ్గర పెట్టడం నాకు అలవాటు. శాంపిల్స్ (డిజిటల్ సౌండ్‌లో కొలిచిన బిందువులు) అన్నీ సున్నా కిందే ఉన్నా, వాటి మధ్య అసలు వేవ్‌ఫామ్ సున్నా దాటి పోవచ్చు, పైగా ఎంపీ3, ఏఏసీ లాంటి కుదించిన ఫైళ్లకి మారేటప్పుడు పీక్‌లు ఇంకాస్త లేస్తాయి. మాస్టర్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ కన్నా లౌడ్‌గా ఉంటే ట్రూ పీక్‌ని మైనస్ 2 డీబీ దాకా దించమని స్పాటిఫై చెబుతుంది. ఆ మైనస్ 14 అంకె పట్టుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మామూలు సెట్టింగ్‌లో వాళ్లు ప్లే చేసే లెవెల్, మన మాస్టర్ సరిగ్గా అక్కడే ఉండి తీరాలన్న రూలేం కాదు. నేను చాలా పాటలు మైనస్ 9, 10 మధ్యే వదిలేస్తాను, అక్కడ బాగుంది కాబట్టి. మైనస్ 6కి పిండి పంపితే మాత్రం వాళ్లు 8 డీబీ తగ్గించి వినిపిస్తారు, దేనికోసమైతే స్నేర్‌ని బలిచ్చామో ఆ లౌడ్‌నెస్ కాస్తా అక్కడ పోతుంది. లౌడ్‌నెస్ మీటర్ ఇదే విండోలో ఉండటం వల్ల వేరే ప్లగిన్ తెరవక్కర్లేదు, పాటని మొదటినుంచి వేసేటప్పుడు ఇంటిగ్రేటెడ్ (పాట మొత్తం మీద వచ్చే లౌడ్‌నెస్ అంకె) రీసెట్ చేస్తే చాలు.

ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్స్‌తో లెక్క చేయడం) 32 రెట్ల దాకా ఉంది గానీ నాకు 4 రెట్లు దాటితే తేడా వినపడలేదు, సీపీయూ మీద భారం మాత్రం బాగా తెలుస్తుంది. లేటెన్సీ (సౌండ్ కాస్త ఆలస్యంగా రావడం) కూడా ఉంటుంది కాబట్టి గొంతు రికార్డ్ చేస్తున్నప్పుడు దీన్ని ఆపి ఉంచండి. ఇంకా మిక్సింగే కుదరనివాళ్లు ఇప్పుడే కొనక్కర్లేదు. 30 రోజుల ట్రయల్‌లో అన్ని ఫీచర్లూ పనిచేస్తాయి, పాత మిక్స్ ఒకటి తీసి ఆడిషన్ పెట్టి వినండి, కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.