చిత్తూరు సంఘ పెద్దల శిక్షణ తరగతి: గద్దించడం నేర్పారు, తిరిగి చేర్చుకోవడమూ నేర్పాలి

చిత్తూరు పట్టణంలో వేర్వేరు క్రైస్తవ సంఘాల సేవకులు కొందరు కలిసి, పాస్టర్లకూ సంఘ పెద్దలకూ కమిటీ సభ్యులకూ ‘సంఘ క్రమశిక్షణ’ (తప్పు చేసిన సభ్యులను సంఘం హెచ్చరించి సరిదిద్దే పద్ధతి) అనే అంశం మీద దసరా సెలవుల్లో నడిపే శిక్షణ తరగతికి ఈసారి మా సంఘం నుండి పాస్టరుగారితో సహా కొందరం వెళ్లాము. మనిషికి రూ. 500 రుసుము తీసుకుని, మధ్యాహ్న భోజనం పెట్టి, అచ్చువేసిన పాఠాల పుస్తకం ఒకటి చేతికిచ్చారు. పెద్దగా ఎన్నికైన మరుసటి ఆదివారం నుండే తోటివారి కాపురాల గురించీ, అప్పుల గురించీ, తాగుడు గురించీ తీర్పు చెప్పవలసి వచ్చే మావంటివారికి ఆ పని ఎలా చేయాలో కూర్చోబెట్టి చెప్పేవారు ఉండరు కనుక, ఇటువంటి తరగతి మన జిల్లాలో జరగడమే మేలు. పాఠాలలో చాలా భాగం నాకు నచ్చింది. నచ్చని భాగం నిడివిలో చిన్నదే అయినా, సంఘాలు చీలేది సరిగ్గా ఆ విషయం దగ్గరే కాబట్టి దాని గురించి కాస్త విపులంగా రాస్తున్నాను.

మొదటి పాఠం మన ప్రాంతపు సంఘ చరిత్రతో మొదలైంది. 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాటు మిషన్‌కు వేలూరు, ఆరణిలతో పాటు చిత్తూరు కూడా తొలి కేంద్రాలలో ఒకటి. ఆ మిషన్‌ను పంపిన రిఫార్మ్‌డ్ సంఘంలో పాస్టరు ఒక్కరే నిర్ణయాలు తీసుకునే ఆచారం లేదు. సంఘం ఎన్నుకున్న పెద్దలూ పరిచారకులూ ఆయనతో కలిసి కూర్చుంటారు, వారందరి పైన మరొక సభ ఉంటుంది. ఆ సంఘం అంగీకరించిన 1561 నాటి బెల్జిక్ విశ్వాస ప్రమాణం, వాక్యాన్ని స్వచ్ఛంగా ప్రకటించడంతోనూ సంస్కారాలను (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం) సరిగా ఆచరించడంతోనూ సమానంగా క్రమశిక్షణను కూడా నిజమైన సంఘానికి గుర్తుగా చెబుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుండి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పనిచేసింది. ఆర్కాటు మిషన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) భాగమయ్యాయి, లూథరన్లు విడిగా కొనసాగారు. ఈ చరిత్ర ఎందుకు చెప్పారంటే, పాత సంఘాలలో ఎంత లోపమున్నా ఒక నియమావళి, ఒక కమిటీ, పైన మొరపెట్టుకోవడానికి ఒక చోటు ఉంటాయి. ఈమధ్య వీధివీధినా వెలసిన స్వతంత్ర సంఘాలలో కొన్నింటికి స్థలమూ కానుకల లెక్కా తీర్పూ అన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. తరగతికి వచ్చినవారిలో సగానికి పైగా అటువంటి సంఘాలవారే కనుక ఈ పునాది వేయడం సరైన పని.

అన్నిటికన్నా బాగా నేర్పినది మత్తయి సువార్త 18వ అధ్యాయం. 15వ వచనం నుండి 17వ వచనం వరకు ఉన్న మెట్లు మనలో చాలామందికి కంఠస్థమే: మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. కంఠస్థమైనది చేతికి ఎందుకు రాదో చూపించడానికి, పాఠం చెప్పిన విశ్రాంత పాస్టరుగారు ఒక చీటీ తగాదాను తీసుకున్నారు. ఒక సంఘంలో ఒక సహోదరి చీటీ నడుపుతుంది. మరొక సహోదరి చీటీ పాడుకుని నెలలు గడిచినా ఆమెకు డబ్బు అందలేదు. ఆమె నేరుగా వెళ్లి అడగకుండా, స్త్రీల ప్రార్థన కూటంలో లేచి ‘ఫలానా సహోదరి మనసు మారేటట్లు ప్రార్థించండి’ అని కోరుతుంది. ప్రార్థన మనవి రూపంలో వచ్చినా, మొదటి మెట్టును దాటవేసి మనిషి పేరును నలుగురిలో పెట్టడమే ఇదని, దాన్ని అక్కడే ఆపవలసిన బాధ్యత ప్రార్థన నడిపించేవారిదని ఆయన చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. ఇటువంటి మనవి వినని సంఘం మన జిల్లాలో ఉండదు.

తరువాత ఆ తగాదానే నటించి చూపమన్నారు. పలమనేరు వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయన సంఘ పెద్దగానూ, తిరుపతి నుండి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు చీటీ నడిపిన సహోదరిగానూ ఎదురెదురుగా కూర్చున్నారు. పెద్దాయన కూర్చుంటూనే బైబిలు తెరిచి దొంగతనం గురించిన వచనం అందుకున్నారు. పాస్టరుగారు చెయ్యెత్తి, “అన్నా, బైబిలు కాసేపు మూసి ఒడిలో పెట్టుకోండి. డబ్బు ఏమైందో ముందు ఆ తల్లిని అడగండి” అన్నారు. అడిగితే, ముందే తనకు ఇచ్చిన కాగితంలో ఉన్న ప్రకారం ఆమె జవాబిచ్చింది: ఇద్దరు చీటీ ఎత్తుకుని కట్టడం మానేశారు, వారి వంతు కట్టడానికి తన మెడలోని గొలుసు తాకట్టు పెట్టింది, ఈ సంగతి భర్తకు తెలియదు. పెద్దాయనకు ఆ తరువాత ఏం అడగాలో తోచలేదు. చివరికి బైబిలు పక్కన పెట్టి, “గొలుసు విడిపించడానికి ఎంత కావాలమ్మా?” అన్నారు. తప్పు లేదని కాదు, లెక్కలు చెప్పవలసిన బాధ్యత ఆమెకు ఉన్నదే. కానీ ఆమె నోటి నుండి నిజం రావడానికి ఒంటరిగా కలవడమే కారణమైందని మా కళ్ల ముందే తేలింది. ‘అతడు నీ మాట వినినయెడల నీ సహోదరుని సంపాదించుకొంటివి’ అన్న మాట అందరికీ కొత్తగా వినిపించింది. రుసుము ఈ ఒక్క పాఠానికే చెల్లింది.

న్యాయవాది ఒకరు చెప్పిన పాఠం చిన్నదే అయినా అందులో ఒక మాట ప్రతి సంఘ పెద్ద రాసి పెట్టుకోవలసినది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినప్పుడు మత్తయి 18వ అధ్యాయం ప్రకారం నిందితుడితో ఒంటరిగా మాట్లాడడం, పెద్దల మధ్య సర్ది చెప్పడం వంటివి చేయరాదని, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిందేనని, తెలియజేయకపోవడం 21వ సెక్షను కింద శిక్షార్హమని ఆయన స్పష్టంగా చెప్పారు. భార్యను కొట్టే విషయంలో 2005 నాటి గృహహింస చట్టం గురించి కూడా చెప్పి, ఆమెను ‘సహించుకో’ అని వెనక్కి పంపే అధికారం ఏ పాస్టరుకూ లేదన్నారు. సంఘం పరువు పోతుందేమోనని ఒకరు సందేహం వెలిబుచ్చితే, దెబ్బలు తిన్న మనిషి ప్రాణం ముందని ఆయన సమాధానమిచ్చారు. ఈ పాఠానికి ఒక పూట పూర్తిగా కేటాయించవలసింది.

ఇక లోపాల విషయం. పాఠాల పుస్తకం చివర నమూనా ఉత్తరాలు ఉన్నాయి: మొదటి హెచ్చరిక, రెండవ హెచ్చరిక, బల్ల నుండి, అంటే ప్రభురాత్రి భోజనంలో పాలుపొందకుండా, ఆపుతున్నట్లు తెలిపే ఉత్తరం. మూడవ దానిలో సభ్యుడి పేరు, సభ్యత్వ సంఖ్య, తప్పిదం, వాక్యాధారం, ఎప్పటి నుండి ఆపుతున్నారో ఆ తేదీ, పాస్టరు సంతకం, కార్యదర్శి సంతకం ఉన్నాయి. ఎప్పటివరకు ఆపుతున్నారన్న గడి లేదు. ఆ కాలంలో ఆ ఇంటికి ఎవరు వెళ్లివస్తూ ఉండాలో, తిరిగి బల్లకు రావాలంటే ఆ మనిషి ఏం చేయాలో రాసే చోటు లేదు. నాలుగవ ఉత్తరం, అంటే తిరిగి చేర్చుకున్నట్లు సంఘానికి తెలిపే ఉత్తరం, అసలే లేదు. నేను అడిగితే అది పాస్టరుగారి విచక్షణకు వదిలామని నిర్వాహకులు చెప్పారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయాన్ని వీరు చాలాసేపు బోధించారు; తండ్రి భార్యను ఉంచుకున్న మనిషిని సంఘంలో నుండి వెలివేయమని అపొస్తలుడైన పౌలు చెప్పిన కఠినమైన భాగం అది. రెండవ పత్రిక 2వ అధ్యాయంలో, శిక్షకు గురైన ఒకడికి అధిక సంఖ్యాకులు వేసిన ఆ శిక్ష చాలునని, ఇక క్షమించి ఆదరించకపోతే అతడు అధిక దుఃఖంలో మునిగిపోతాడేమోనని అదే పౌలు రాశాడు. ఆ ఇద్దరూ ఒకే మనిషా అన్న విషయంలో పండితులకు భేదాభిప్రాయాలున్నా, శిక్ష ముగిసే రోజు ఒకటి ఉండాలన్నదాంట్లో సందేహం లేదు. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనం కూడా సాత్వికమైన మనసుతో మంచి దారికి తీసుకురమ్మనే చెబుతుంది. ఈ భాగాలకు తరగతిలో కేటాయించిన సమయం చాలా తక్కువ.

ఇది కాగితం మీది చిక్కు మాత్రమే అయితే ఇంతగా రాయను. మన దగ్గర బల్ల నుండి ఆపడమంటే ఒక్క ప్రభురాత్రి భోజనంతో పోయేది కాదు. ఆ ఇంట్లో పిల్ల పెళ్లికి పాస్టరుగారు వస్తారా, ముసలాయన పోతే సమాధుల తోటలో చోటిస్తారా అన్న భయం ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది. తప్పు ఒకరిదైతే భయం అందరిదవుతుంది. తరగతిలో ఒక సహోదరుడు ఇదే అడిగారు: శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఈ వాదన చేయవలసిన గతి రాకుండా ముందే ఒక నియమం రాసి పెట్టుకోకూడదా అని. మంచి ప్రశ్న అన్నారు కానీ జవాబు చెప్పలేదు. వచ్చే ఏటి పుస్తకంలో ఈ జవాబు ఒక పేజీ అయినా ఉండాలని నా గట్టి కోరిక.

అన్నిటికన్నా బలహీనమైనది ‘కాపరి అధికారం’ అనే పాఠం. మొదలు బాగానే ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం 17వ వచనంలో నాయకులకు లోబడమన్న మాటతో పాటు, వారు ‘లెక్క ఒప్పచెప్పవలసినవారివలె’ ఆత్మలను కాస్తున్నారన్న మాటను కూడా విడమరచి చెప్పారు. పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయంలో మంద మీద ప్రభువుల్లా ఉండక మాదిరిగా ఉండమన్న హెచ్చరికను, యెహెజ్కేలు 34వ అధ్యాయంలో మందను మేపక తమను తామే మేపుకున్న కాపరుల మీద దేవుని కోపాన్ని చదివించారు. అయితే, ఫిర్యాదు పాస్టరు మీదే వస్తే పెద్దలు ఏం చేయాలని ఒక యువకుడు అడగగానే, బోధకుడు 105వ కీర్తనలోని ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న వచనం చదివి, దానిని దేవునికి వదిలేయాలన్నారు.

ఈ వచనాన్ని ఇలా వాడడం మన సంఘాలలో మామూలైపోయింది, కానీ ఇది సరికాదని నేను నమ్ముతున్నాను. దేశం నుండి దేశానికి తిరుగుతూ ఏ బలమూ లేకుండా ఉన్న అబ్రాహాము వంటి పితరులకు కీడు చేయవద్దని రాజులను దేవుడు హెచ్చరించిన సందర్భం అది. బలహీనులను బలవంతుల నుండి కాపాడిన మాట అది. తనను చంపజూసిన సౌలు రాజును చంపనని చెయ్యి వెనక్కి తీసుకున్న దావీదు కూడా, ఆయన వస్త్రం నుండి కోసిన చెంగును చేతబట్టుకుని అందరూ వినేటట్లు ఆయన అన్యాయాన్ని ఆయనకే చెప్పాడు. అంతియొకయలో పేతురు తప్పు నడత నడిచినప్పుడు పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. మొదటి తిమోతి 5వ అధ్యాయం 19వ వచనం పెద్ద మీద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా దోషారోపణ అంగీకరించవద్దంటుంది. పుస్తకంలో ఆ వచనాన్ని లావు అక్షరాలతో అచ్చువేశారు. పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమనే 20వ వచనాన్ని మాత్రం వేయలేదు. మా పాస్టరుగారే లేచి తరువాతి వచనం కూడా చదవమని మర్యాదగా కోరారు. చదివారు కానీ, వేళ మించిందని చర్చ లేకుండానే భోజనానికి పంపించారు. లేవవలసిన మనిషి లేచి ఆ మాట అడిగినందుకు నాకు ఎంతో ధైర్యం కలిగింది.

సంఘంలో వెలివేసే అధికారం దుర్వినియోగం కావచ్చునన్న ఎరుక కొత్తదేమీ కాదు. యోహాను మూడవ పత్రికలో దియొత్రెఫే అనేవాడు ప్రధానత్వం కోరి, సహోదరులను చేర్చుకోదలచినవారిని సంఘం నుండి వెలివేస్తున్నాడని ఉంది. క్రీ.శ. 325లో జరిగిన బిషప్పుల నైసియా మహాసభ, ఒక బిషప్పు వెలివేసినవారిని మరొకరు చేర్చుకోరాదని అయిదవ నిబంధనలో చెబుతూనే, ఆ బిషప్పు సంకుచితత్వం వల్లనో కలహ బుద్ధి వల్లనో వెలివేశాడేమో విచారించాలని, అందుకోసం ప్రతి రాష్ట్రంలో ఏడాదికి రెండుసార్లు సభ కూడాలని ఆదేశించింది. బిషప్పు మాటకు అంత విలువ ఉన్న కాలంలోనే విచారణ కోసం అటువంటి ఏర్పాటు చేసుకున్నారంటే, పై సభ ఏదీ లేని మన స్వతంత్ర సంఘాలకు అది మరింత అవసరం. నిర్వాహకులు నిజంగా మేలు చేయదలిస్తే, దగ్గరి ఊళ్లలోని మూడు నాలుగు సంఘాలు కలిసి, ఏ ఒక్క సంఘపు పాస్టరు మీద ఫిర్యాదు వచ్చినా మిగతా సంఘాల పెద్దలు వినేటట్లు ఒక ఒప్పందం నమూనాను తయారు చేసి ఇవ్వాలి. వెళ్లిన వారందరూ ఒకే హాలులో కూర్చుని ఉన్నారు కనుక, ఆ ఒప్పందం మీద అక్కడికక్కడే సంతకాలు చేయించే అవకాశం కూడా ఉండింది.

ఏర్పాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. హాలు విశాలంగా ఉంది, గాలి ఆడుతుంది, వెనుక వరసలకు మైకు సరిగా వినిపించలేదు. భోజనం శుభ్రంగా పెట్టారు. స్త్రీలు గణనీయంగానే వచ్చినా బోధించినవారిలో ఒక్క స్త్రీ కూడా లేరు; సంఘ తగాదాలలో ఎక్కువ భాగం స్త్రీల ప్రార్థన కూటాల దగ్గరికే మొదట చేరుతాయి కనుక ఇది సరిచేసుకోదగిన లోటు. పాస్టరు లేకుండా పెద్దలు మాత్రమే వెళ్లినా, పెద్దలు లేకుండా పాస్టరు మాత్రమే వెళ్లినా ఈ తరగతి వల్ల సగం ప్రయోజనమే ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒకే బెంచీ మీద కూర్చుని వినవలసిన పాఠాలివి. పుస్తకం తెలుగులో మాత్రమే ఉంది. గుడిపాల వైపు నుండి వచ్చిన తమిళం చదివే పెద్దలకు పక్కవారు చదివి చెప్పవలసి వచ్చింది, వచ్చే ఏడు తమిళ ప్రతులు కూడా అచ్చువేస్తామని నిర్వాహకులు మాట ఇచ్చారు.