లోకల్ రైలు ఎవరి చేతిలో ఉంటే మేలు: కంపెనీనా, రైల్వేనా, ఇద్దరూ కలిసా?

ప్రైవేటుకిస్తే అంతా బాగుపడుతుందని ఒకరు, దోచుకుంటారని ఇంకొకరు, లోకల్ రైళ్ల మాటొస్తే వాదన ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. నేను మాత్రం ఒక్కటే చూస్తాను. అనుకున్నంత మంది రైలెక్కకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? హైదరాబాద్‌లో రెండు రకాలూ మన కళ్ల ముందే ఉన్నాయి కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

ముందు కంపెనీ పద్ధతి, అంటే మెట్రో. 2008లో టెండర్ పిలిస్తే, సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబానికి చెందిన నిర్మాణ సంస్థ మేటాస్ వాళ్లు ప్రభుత్వం నుంచి పైసా అడక్కపోగా తామే 30,311 కోట్లు ఇస్తామన్నారు, ఎదురు కట్నం అన్నమాట! రైలు నడిపి ఎవరూ అంత సంపాదించలేరు, కళ్లన్నీ భూముల మీదే ఉన్నాయని ఢిల్లీ మెట్రో అధినేత శ్రీధరన్ అప్పుడే గట్టిగా హెచ్చరించారు. 2009 జనవరిలో సత్యం దొంగ లెక్కల బాగోతం బయటపడింది, మేటాస్ డబ్బు సమకూర్చలేకపోయింది, ఆ ఏడాదే కాంట్రాక్టు రద్దయింది. 2010లో మళ్లీ టెండర్ పిలిస్తే గెలిచిన ఎల్ అండ్ టీ ఎదురిచ్చే మాట అటుంచి, తనకే 1,458 కోట్ల సాయం కావాలంది. రెండేళ్లలో లెక్క అంత తిరగబడిందంటే మొదటి లెక్కలో ఎంత గాలి ఉందో చూడండి.

ఎల్ అండ్ టీ లెక్క కూడా టికెట్ల మీదే నిలబడింది కాదు, ఆదాయంలో దాదాపు సగం స్టేషన్ల దగ్గరి మాల్స్, ఆఫీసు అద్దెలు, ప్రకటనల నుంచి రావాలి. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి, బాగానే నడిచాయి కూడా. ఏసీ ఉంది, కొన్ని నిమిషాలకో రైలు ఉంది, ఏ గూడ్సు బండి కోసమూ ఆగక్కర్లేదు. కానీ కరోనాలో నెలల తరబడి మూతపడటం, అప్పుల వడ్డీలు కలిసి నడ్డి విరిచాయి. 2025 మే నెలలో కనీస ఛార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచి, జనం గొడవ చేశాక కొంత తగ్గించారు. సెప్టెంబరుకల్లా కంపెనీ తప్పుకుంటానంది, దాదాపు 13,000 కోట్ల అప్పు నెత్తికెత్తుకుని, పైగా మరో 2,000 కోట్లు ఇవ్వడానికి రాష్ట్రం ఒప్పుకుంది. నష్టం కంపెనీదేనన్న మాట కాగితం మీదే మిగిలిపోయింది.

రైల్వే పద్ధతి అంటే ఎంఎంటీఎస్, హైదరాబాద్‌లో రైల్వేనే నడిపే లోకల్ రైళ్లు. 2003 ఆగస్టు నుంచి ఉంది. టికెట్ చవక, లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లొచ్చు. అయితే ఎక్స్‌ప్రెస్‌లు తిరిగే పట్టాల మీదే ఇదీ తిరగాలి, దారి ఇచ్చేటప్పుడు చివరి వరుస దీనిదే. రెండో దశకు మూడింట రెండొంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలన్నారు. రాష్ట్రం వాటా దగ్గర నిధులు ఆగుతూ ఆగుతూ వచ్చి, మేడ్చల్, ఉందానగర్‌ల దాకా రైళ్లు మొదలయ్యేసరికి 2023 ఏప్రిల్ అయింది. ఇక్కడ నష్టం గురించి పేపర్లో రాదు, టైమ్‌టేబుల్లో రైళ్లు తగ్గుతాయంతే. ప్లాట్‌ఫాం మీద నిలబడినవాడు డబ్బుకు బదులు టైముతో కడతాడు.

మరి ప్రైవేటు రైలు ఎక్కడా నిలబడలేదా అంటే, జపాన్‌లో హాంక్యూ అనే ప్రైవేటు రైలు కంపెనీ ఉంది. 1910లో ఒసాకా నుంచి పల్లెల్లోకి లైను వేస్తూ, దాని పక్కన భూములు చవగ్గా కొని, ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మారు. అంటే తమ ప్రయాణికుల్ని తామే తయారుచేసుకున్నారు. అమీర్‌పేటలో గజం ధర ఆకాశాన్నంటాక పిల్లర్లు లేపిన మనకు ఆ పాఠం అక్కరకు రాదు.

ఇక మూడోది. పట్టాలూ రైళ్లూ సర్కారువి, రోజూ నడిపే పని మాత్రం కంపెనీకి. ఢిల్లీ–మీరట్ మధ్య 82 కిలోమీటర్ల నమో భారత్ లైను ఇలాగే ఉంది, కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టిన ఎన్‌సీఆర్‌టీసీ అనే సంస్థ యజమాని, నడిపే కాంట్రాక్టు జర్మనీ రైల్వే కంపెనీ డాయిష్ బాన్ వారి సంస్థది. జనం ఎక్కకపోయినా కంపెనీ పారిపోదు, ఎందుకంటే దానికి డబ్బు వచ్చేది రైలు నడిపినందుకు. లోపం లేదా అంటే ఉంది. రైళ్లు లేటయితే కోత పడేలా కాంట్రాక్టు గట్టిగా రాయకపోతే ఇది కూడా మెల్లగా ఎంఎంటీఎస్ అయిపోతుంది. అలాగే పని పంచుకున్నప్పుడు తప్పెవరిదన్న పేచీ తప్పదు. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైనులో వంతెన కట్టింది ఢిల్లీ మెట్రో, రైళ్లు పెట్టి నడిపింది రిలయన్స్ ఇన్‌ఫ్రా అనుబంధ సంస్థ. వంతెనలో లోపాలున్నాయని 2012లో రైళ్లు ఆపేశారు, 2013లో కంపెనీ వదిలేసి వెళ్లింది, కోర్టు వ్యవహారం 2024 దాకా సాగింది. కంపెనీ వెళ్లిపోయినా లైను మాత్రం మూతపడలేదు, చేయి తిరిగిన ఢిల్లీ మెట్రో వెంటనే అందుకుంది.

నా ఓటు మూడోదానికే. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడికి లాభనష్టాల కథ అనవసరం, ఎనిమిదింటి రైలు ఎనిమిదింటికి రావాలి. అన్నీ మేమే పెట్టుకుంటామని ఏ కంపెనీ వచ్చినా ముందు అడగాల్సింది, వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు రైలు ఎవరు నడుపుతారని. హైదరాబాద్ మెట్రోలో రైళ్లు నడిపే పని మొదటి నుంచీ కియోలిస్ అనే ఫ్రెంచ్ సంస్థ చేస్తోంది, ఎల్ అండ్ టీ దానికి కాంట్రాక్టు ఇచ్చింది. రాష్ట్రం ఆస్తిని తీసుకుని నడిపే కాంట్రాక్టును అలాగే ఉంచితే అది అచ్చంగా మూడో పద్ధతే, 2010లోనే ఆ దారి పట్టి ఉండాల్సింది. ఛార్జీలు పెంచాల్సి వస్తే అప్పుడు జనానికి జవాబు చెప్పాల్సింది కూడా నేరుగా సచివాలయమే.