శాళలో మా డబ్బా: నాలుగేళ్లు వాడాక

కొత్తగా కొన్న వస్తువు గురించి మొదటి వారం రాసే మాటలు వేరు, చార్జర్ పిన్ను వదులైపోయాక రాసే మాటలు వేరు. ఇది రెండో రకం. 2021 చివర్లో, కరోనా తర్వాత బడి మళ్లీ తెరిచినప్పుడు మా తరగతికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి తెచ్చుకున్నాం. పేరు రాస్ప్‌బెర్రీ పై 4. దానికి 128 జీబీ మెమరీ కార్డు, వాళ్లూ వీళ్లూ ఇచ్చిన నాలుగు పాత ట్యాబ్‌లు తోడు. పిల్లలు మొదటి రోజే దాన్ని డబ్బా అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ప్రాణహిత దాటితే చెన్నూరు వైపు తెలంగాణ, గోదావరి దాటితే కాళేశ్వరం. మా జిల్లా కేంద్రం మాత్రం రెండు వందల కిలోమీటర్ల పైన. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నోట్‌బుక్కు ఇక్కడ వహీ, బోర్డు ఫళా, బడి శాళ. వాక్యం మాత్రం తెలుగే: "మేడం, వహీ ఇంట్ల మర్చిపోయిన."

డబ్బా కన్నా ముందే మాకు ప్రొజెక్టర్ ఉంది. 2015 తర్వాత మహారాష్ట్రలో జిల్లా పరిషద్ బడులను డిజిటల్ చేయాలని ఊళ్లలో లోకవర్గణి, అంటే చందాలు, వసూలు చేసి ఇలాంటివి చాలా చోట్ల కొన్నారు. మాదీ అలా వచ్చిందే. దాని మీద నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్తాను: కిటికీలు మూసి, చీకటి చేసి, ఇరవై నిమిషాలు దాటితే వెనక వరస నిద్రపోతుంది. గుండెకాయ ఎలా కొట్టుకుంటుందో చూపించడానికి బాగుంటుంది. రోజూ పాఠం దాంతో చెప్పడం నావల్ల కాలేదు.

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. సోలాపూర్ జిల్లా పరితేవాడిలో పనిచేసిన రంజిత్‌సింహ్ డిసలే గురూజీకి 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది పుస్తకాల్లో ఈ కోడ్‌లు పెట్టిన పనికి కూడానే. కోడ్ స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో పాఠం తెరుచుకుంటుంది, ముందే దించుకుంటే నెట్ లేకుండా కూడా ఆడుతుంది. కానీ దించుకున్నది నా ఫోన్లో ఉంటుంది. నా ఫోన్ ఒకటి, పిల్లలు ముప్పై ఇద్దరు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంక్ దగ్గరికి వెళ్లాలి. 2022 జూలై వరదల్లో అదీ పోయింది.

డబ్బా చేసే పని వేరు. అది తనే ఒక వైఫై వేస్తుంది. ట్యాబ్‌లో ఆ వైఫై పట్టుకుని బ్రౌజర్ తెరిస్తే పాఠాలు కనిపిస్తాయి, నెట్ ఉన్నట్టే ఉంటుంది కానీ అంతా ఆ కార్డులోంచే వస్తుంది. చంద్రాపూర్‌లో డిప్లొమా చదివే మా అక్క కొడుకు రెండు రాత్రులు కూర్చుని అన్నీ అక్కడి వైఫైలో దించి తెచ్చాడు. కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోలు, లెక్కలు, కథలు. నెట్ లేకుండా వికీపీడియా చదివించే కివిక్స్‌లో మరాఠీ వికీపీడియా, తెలుగు వికీపీడియా పూర్తిగా. ఇంగ్లిష్ వికీపీడియా బొమ్మలతో కలిపి 100 జీబీ దాకా ఉంటుంది, దాన్ని వదిలేశాం. ఆరో తరగతి పిల్లలకు అదేం పని?

నాలుగేళ్లలో చెడిపోయినవి చెప్పాలి. మొదటి ఏడాదిలో రెండు సార్లు కార్డు పాడైంది, తప్పు మాదే. బడి గంట కొట్టగానే ఎవరో ఒకరు వైరు పీకేసేవారు. షట్‌డౌన్ చేయకుండా కరెంటు తీస్తే కార్డులో రాస్తున్నది సగంలో ఆగిపోతుంది. కరెంటు కోతలకూ అదే గతి. చివరికి మొబైల్ చార్జింగ్ పవర్ బ్యాంక్ ఒకటి మధ్యలో పెట్టాం, డబ్బాకు కావలసిన మూడు ఆంపియర్లు ఇచ్చేదే చూసి కొనాలి, లేకపోతే తరచూ రీస్టార్ట్ అవుతుంది. కార్డుకు నకలు ఒకటి తీసి బీరువాలో దాచాను. ఇది మొదటి రోజే చేసి ఉండాల్సింది.

ఏప్రిల్‌లో మా రేకుల గదిలో అది వేడెక్కి నెమ్మదించేది. 80 డిగ్రీలు దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందట. చిన్న ఫ్యాన్ పెట్టాక సర్దుకుంది. ఇంకోటి, ఈ రకం కంప్యూటర్‌లో గడియారం నడిపే బ్యాటరీ ఉండదు, టైమ్‌ను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని చోట పెడితే తేదీలు తప్పుతాయి. మా డబ్బా లెక్క ప్రకారం ఒక పిల్ల దీపావళి సెలవుల్లో బడికొచ్చి భిన్నాలు చేసింది. తర్వాత ఒక చిన్న గడియారం ముక్క విడిగా కొని తగిలించాం.

ట్యాబ్‌లు నాలుగూ ఒకేసారి వీడియో పెడితే ఆడుతుంది. సర్‌ల ఫోన్లు కూడా కలిపితే సుడి తిరుగుతుంది. ఏ పిల్లవాడు ఎన్ని లెక్కలు చేశాడో కొలిబ్రి చూపిస్తుంది, మంచి సౌకర్యమే, కానీ ఒక్కో ట్యాబ్ దగ్గర ఎనిమిది తలలు ఉంటే ఆ రిపోర్ట్ ఎవరిదో తేలదు. చురుకైనవాడి వేలే అన్నిటి మీదా ఉంటుంది.

డబ్బు పెట్టినందుకు ఫలితం దక్కింది అనిపించింది తెర మీద చేసే ఫెట్ సైన్సు ప్రయోగాల దగ్గర. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో, 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మొదలుపెట్టినవి ఇవి. ఒక్కో ప్రయోగం ఒక్క ఫైల్, కార్డులో వేసుకుంటే చాలు. మరాఠీలోనూ తెలుగులోనూ దొరుకుతాయి. కరెంటు పాఠంలో బ్యాటరీ, బల్బు, వైర్లు కలిపే ప్రయోగం ఉంది. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలూ వైరుతో కలిపితే మంట వస్తుంది. నేను చెప్పకముందే ఒకడు అది కనిపెట్టాడు, ఆ రోజంతా నాలుగు ట్యాబ్‌ల మీదా మంటలే. మర్నాడు టార్చి సెల్లు, బల్బు, రాగి తీగ తెచ్చి నిజంగా చేయించాను. తీగ ఎక్కడ పెట్టాలో వెతుక్కోలేదు. ఇదే పాఠం ఫళా మీద బొమ్మ గీసి చెప్పిన సంవత్సరాల్లో సగం మంది రెండు తీగలూ బల్బు అడుగునే పెట్టేవారు.

ఇక భాష. నేను ఇంత సంబరంగా వేయించిన తెలుగు వికీపీడియాను పిల్లలు ఒక్కరూ తెరవలేదు. ఎందుకో అర్థం కావడానికి నాకు నెల పట్టింది, సిగ్గుగానే ఉంది చెప్పడానికి. వీళ్లు మాట్లాడేది తెలుగు, చదవగలిగేది మరాఠీ. తెలుగు అక్షరాలు రావు. తెలుగు ప్రయోగం పెడితే బొమ్మ చూస్తారు తప్ప మాట చదవరు. అందుకని మరాఠీది పెట్టి, తెలుగులో మాట్లాడుకుంటూ చేయడం అలవాటు చేసుకున్నాం.

కానీ ఇళ్లల్లో కథ తిరగబడి ఉంది. మా ఊరి కోడళ్లలో చాలామంది నది అవతలివాళ్లు. చెన్నూరు, మంథని వైపు తెలుగు మీడియంలో ఏడో తరగతి, పదో తరగతి చదివి వచ్చినవాళ్లు. వాళ్లకు తెలుగు గడగడా వస్తుంది, పిల్ల పుస్తకం తెరిస్తే మరాఠీ. అది చదవలేక "నాకేం తెల్వది బిడ్డా, మేడంనే అడుగు" అని పంపేస్తారు. ఇన్నాళ్లూ నేను వాళ్లను చదువు రానివాళ్ల లెక్కలో వేశాను.

డబ్బాలో ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల సంస్థ వాళ్ల స్టోరీవీవర్ కథలు ఉన్నాయి. 2015లో మొదలైంది అది. ఒకే బొమ్మల కథ తెలుగులోనూ మరాఠీలోనూ ఉంటుంది, ఎవరైనా ముద్రించుకోవచ్చు, అనుమతి అడగక్కర్లేదు. ఒక సాయంత్రం ఏనుగు కథ ఒకటి రెండు భాషల్లో ప్రింట్ తీసి, ఎదురెదురు పేజీలుగా కుట్టి ఇంటికి పంపాను. రెండు రోజుల తర్వాత ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని బడి గుమ్మం దగ్గరికి వచ్చింది. "మేడం, ఇది నేను చదివి చెప్పిన. మా పెద్దపిల్ల మరాఠీల చదివి నాకు చెప్పింది. ఇంకోటి ఉన్నదా?"

అప్పటి నుంచి వారానికి ఒకటి పంపుతున్నాం. ఐదో తరగతి ఆడపిల్లలు నలుగురు తల్లుల దగ్గరే తెలుగు అక్షరాలు పట్టారు, చెన్నూరు బస్సు బోర్డు చదవడానికట. డబ్బా ఇప్పుడు సగం రోజులు ఆ కథలు తీయడానికే పనికొస్తోంది, ట్యాబ్‌లలో ఒకదాని తెర పగిలి పక్కన పడింది, నేను పెద్దగా పట్టించుకోలేదు. ప్రింటర్ ఇంకు ఖర్చు మాత్రం ఈ రెండేళ్లలో డబ్బా ధర దాటిపోయింది. వచ్చే లోకవర్గణికి కొత్త ట్యాబ్‌లు అడుగుదాం అని ముఖ్యాధ్యాపక్ సర్ అంటారు, ఇంకు ట్యాంక్ ప్రింటర్ అడుగుదాం సర్ అని నేను. ఇంకా తేలలేదు.